అన్ని విషయాలూ చదవాలనుకునేవారు జాబితా ఎలా తయారు చేసుకోవాలి?

మీరు అడిగిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీకు ముప్ఫై ఏళ్లు. ఉద్యోగానికి పనికొచ్చే పుస్తకాలు, అప్పుడప్పుడూ ఒక నవల తప్ప ఇన్నాళ్లూ వేరే ఏమీ చదవలేదు. సైన్స్, చరిత్ర, ఆర్థికశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కళలు అన్నిటిలోనూ కాస్త లోతుకు వెళ్లాలని ఉంది. "తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" అన్న లిస్టులు రెండుసార్లు ముందు పెట్టుకొని, రెండుసార్లూ మధ్యలోనే వదిలేశారు. ఈసారి ఆగిపోకుండా సాగే వంద పేర్లు చెప్పమన్నారు.

నేను ఇరవై ఆరేళ్లు లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్ దగ్గర పని చేశాను. మొదటి పదేళ్లు ఎవరు అడిగినా కాగితం మీద పేర్లు రాసిచ్చేదాన్ని. ఆ కాగితం పట్టుకెళ్లినవాళ్లలో చాలామంది రెండో పుస్తకం కోసం మళ్లీ రాలేదు. ఏదో ఒక విషయం బుర్రను తొలిచేస్తుంటే వచ్చి అడిగినవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. ఆ తేడా గమనించాక పేర్లు రాసివ్వడం మానేశాను. కాబట్టి మీకూ వంద పేర్లు ఇవ్వను. ఇరవై ఆరేళ్లలో నాకు అర్థమైనదంతా చెబుతాను. జవాబు పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు ఒక లెక్క. పనులన్నీ చూసుకుంటూ రోజుకు 20 పేజీలు చదవగలరనుకుందాం. ఏడాదికి 7,300 పేజీలు. పుస్తకానికి సగటున 300 పేజీలు వేసుకుంటే ఏడాదికి 24 పుస్తకాలు. నలభై ఏళ్ల పాటు ఒక్క రోజు మానకుండా చదివినా మొత్తం వెయ్యికి చేరదు. దీనికి దిగులు పడక్కర్లేదు కానీ, ఈ అంకెను మర్చిపోకూడదు. ఎవరో ఇచ్చిన వంద పుస్తకాల లిస్టు పట్టుకున్నారంటే మీ చదువులో నాలుగేళ్లు వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఆ వందా ఎవరు ఎంచారు, ఎవరిని దృష్టిలో పెట్టుకొని ఎంచారు అని మీరు అడిగి తీరాలి.

బాగా పేరున్న జాబితాలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. హార్వర్డ్ యూనివర్సిటీకి నలభై ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్, ఐదడుగుల షెల్ఫులో పట్టే పుస్తకాలను రోజుకు పావుగంట చొప్పున చదివినా మంచి చదువు అబ్బుతుందని చెప్పేవారు. ఆ మాట ఆధారంగా 1909-10లో 50 సంపుటాల హార్వర్డ్ క్లాసిక్స్ వెలువడింది. 1952లో బ్రిటానికా సంస్థ పాశ్చాత్య ప్రపంచపు గొప్ప పుస్తకాలంటూ 54 సంపుటాలు తెచ్చింది. వాటిలో ఒక్క రచయిత్రి కూడా లేరు. 1990లో రెండో కూర్పు వచ్చినప్పుడు గానీ జేన్ ఆస్టెన్, వర్జీనియా వుల్ఫ్ వంటి వారికి చోటు దక్కలేదు. ఎంచినవాళ్లు మహా పండితులే. ఎంత పండితులకైనా తాము నిలబడ్డ చోటు నుంచే కనిపిస్తుంది, ఆ చోటు మీది కాకపోవచ్చు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక పత్రికలో వచ్చిన వంద పుస్తకాల లిస్టు కత్తిరించి గోడకు అంటించుకున్నాను. వరుస తప్పకుండా చదవాలని పట్టుదల. ఏడో పుస్తకం ప్రాచీన తత్వశాస్త్రం. అక్కడ ఆగిపోయాను. ఆగిపోయినందుకు సిగ్గుపడి దాదాపు రెండేళ్లు ఏ బరువైన పుస్తకమూ ముట్టుకోలేదు. పన్నెండేళ్ల తర్వాత, దగ్గరివాళ్లు ఒకరు పోయినప్పుడు, చావు గురించి పాతకాలం వాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవాలనిపించి అదే పుస్తకం తీశాను. నాలుగు రోజుల్లో పూర్తయింది. పుస్తకం అదే, చదివిన మనిషినీ నేనే. రెండోసారి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది, అంతే తేడా.

అందుకే మీ నోట్‌బుక్ మొదటి పేజీలో పుస్తకాల పేర్లు వద్దు. ప్రశ్నలు రాయండి. పది చాలు. "చరిత్ర తెలుసుకోవాలి" అనేది ప్రశ్న కాదు, దానికి మొదలూ చివరా లేవు. "డబ్బుకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది?" అనేది ప్రశ్న. "పసిపిల్లలకు మాటలు ఎలా వస్తాయి?", "ఖండాలు కదులుతున్నాయని ఎలా కనిపెట్టారు?", "ఒకే బొమ్మ ఒకరికి అద్భుతంగా, ఇంకొకరికి పిచ్చిగీతల్లా ఎందుకు కనిపిస్తుంది?" ఇలా ఎలా, ఎందుకు అన్న మాటలతో వచ్చేవి రాసుకోండి. గొప్పగా కనబడాలని రాయకండి. నిజంగా మీకు తెలుసుకోవాలని ఉన్నదే రాయండి, చిన్నపిల్లల ప్రశ్నలా ఉన్నా సరే.

ప్రశ్నలతో మొదలుపెడితే చదువు ఇరుకైపోతుందేమో, నచ్చిన విషయాల చుట్టూనే తిరుగుతామేమో అని మీకు అనుమానం రావచ్చు. నా అనుభవంలో జరిగింది దానికి తిరగబడి ఉంది. ఒక్క ఉదాహరణ తీసుకొని చివరిదాకా చూద్దాం. "నగరాల్లో కలరా ఎలా ఆగింది?" అని ఒకాయన నన్ను అడిగారు. ఈ ప్రశ్న వెంట పడితే మొదట తగిలేది 1854 నాటి లండన్. సోహో ప్రాంతంలో కలరా వ్యాపించి 600 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి విచారించి, మరణాలు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు చుట్టూ ఉన్నాయని చూపించి, ఆ పంపు పిడి తీయించారు. తర్వాత ఆ మరణాలన్నీ పటం మీద గుర్తించి ప్రచురించారు. ఇక్కడిదాకా వైద్యం, భూగోళం.

అప్పట్లో చాలామంది డాక్టర్లు జబ్బు చెడు గాలి వల్ల వస్తుందని గట్టిగా నమ్మేవారు. ఎందుకు నమ్మారు? తెలివి తక్కువై కాదు. కంపు కొట్టే చోటే జబ్బులూ ఎక్కువగా ఉండేవి మరి. రెండు విషయాలు జతగా కనిపిస్తే ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని చెప్పొచ్చా? ఇది తత్వశాస్త్రం, స్టాటిస్టిక్స్ కలిసి అడిగే ప్రశ్న. మరణాల లెక్కలను క్రమపద్ధతిలో పోగుచేసిన విలియం ఫార్ అక్కడే ఎదురవుతారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కదిలింది, జోసెఫ్ బజల్‌గెట్ నగరం కింద భారీ మురుగు కాలువలు కట్టించారు. అది ఇంజినీరింగ్. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న వాదన ఆర్థికశాస్త్రం, రాజకీయం. 1884లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని స్పష్టంగా చూపించారు. అయితే 1854లోనే ఇటలీలో ఫిలిప్పో పాచిని సూక్ష్మదర్శినిలో దాన్ని చూసి రాశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కళ్ల ముందు పెట్టిన నిజాన్ని ఒక తరం ఎందుకు చూడలేకపోయింది? ఇది మళ్లీ కొత్త ప్రశ్న, సమాజశాస్త్రంలోకి తీసుకెళుతుంది.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని ఆయన ఏడాదిన్నరలో పదకొండు పుస్తకాలు చదివారు. వాటిలో రెండు మాత్రమే వైద్యం షెల్ఫులోవి.

ప్రశ్నలు రాసుకున్నాక, మీకు కనబడని వైపు ఏదో చూసుకోవడానికి లైబ్రరీవాళ్ల పనిముట్టు ఒకటి వాడుకోండి. అమెరికన్ గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణలో (పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే పద్ధతి) పది తరగతులున్నాయి: సాధారణ విషయాలు, తత్వశాస్త్రం-మనస్తత్వశాస్త్రం, మతం, సమాజశాస్త్రాలు, భాష, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, కళలు, సాహిత్యం, చరిత్ర-భూగోళం. గత మూడేళ్లలో మీరు చదివినవన్నీ గుర్తు తెచ్చుకొని ఒక్కో తరగతి ఎదురుగా గీతలు పెట్టండి. మీ విషయంలో సాంకేతికం, సాహిత్యం దగ్గర గీతలు కిక్కిరిసి, మిగతావి ఖాళీగా ఉంటాయని ఊహిస్తున్నాను. ఖాళీగా ఉన్న గడులన్నీ నింపేయాలని కూర్చోకండి. ఒకటో రెండో ఎంచుకొని, "ఇక్కడ నేను అడగని ప్రశ్న ఏమై ఉంటుంది?" అని ఆలోచించండి చాలు.

ఈ వర్గీకరణకూ లోపాలున్నాయని తెలిసి వాడండి. మతం తరగతిలో 220 నుంచి 280ల దాకా అంకెలన్నీ క్రైస్తవానికే వెళ్లాయి, ప్రపంచంలోని మిగతా మతాలన్నీ 290ల్లో సర్దుకోవాల్సి వచ్చింది. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణ వేరే దారి పట్టింది. పుస్తకాన్ని ఒకే గడిలో కూర్చోబెట్టకుండా, అది దేని గురించి, ఏ పని గురించి, ఎక్కడిది, ఎప్పటిది అని కోణాలుగా విడదీసి చూస్తుంది. నాకు ఆ చూపే ఎక్కువ ఇష్టం. పైన కలరా ప్రశ్న విడిపోయింది కూడా అలాగే.

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వద్దాం. కొత్త సబ్జెక్టులోకి ఎటు నుంచి అడుగు పెట్టాలి? చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఆ రంగంలో అందరికంటే గొప్ప పేరున్న పుస్తకంతో మొదలుపెడతారు. ఆ పుస్తకం అప్పటికే నడుస్తున్న ఒక పెద్ద వాదనలో ఎవరికో ఇచ్చిన జవాబు. వాదన మొదటి సగం వినకుండా జవాబు వింటే ఏం అర్థమవుతుంది? అందుకని మొదట ఒక పలచని పరిచయ పుస్తకం తీసుకోండి, నూటయాభై పేజీలు మించనిది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1995లో మొదలుపెట్టిన వెరీ షార్ట్ ఇంట్రడక్షన్ల వరుసలో వందల విషయాల మీద ఇలాంటివి ఉన్నాయి. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు, కొన్ని మరీ గట్టిగా ఉంటాయి. అయినా మొదటి మెట్టుగా పనికొస్తాయి. వీలైతే ఈ మొదటి పుస్తకం మీరు ఆలోచించే భాషలోనే చదవండి. కొత్త విషయం, కొత్త భాష రెండూ ఒకేసారి మోయడం కష్టం.

రెండో మెట్టు గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ సలహా విని మొహం చిట్లించినవాళ్లే ఎక్కువ. కాలేజీ మొదటి సంవత్సరం టెక్స్ట్‌బుక్ చదవండి. మొత్తం అక్కర్లేదు. విషయసూచిక చూసి మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న నాలుగైదు అధ్యాయాలు చదవండి. షాపుల్లో బల్ల మీద పేర్చి ఉండే పాపులర్ పుస్తకం ఒక రచయిత వాదన. అది ఎంత నమ్మకంగా చెప్పినా, ఆ రంగంలో మిగతావాళ్లు ఒప్పుకున్నారో లేదో ఆ పుస్తకంలో తెలియదు. టెక్స్ట్‌బుక్‌లో ఉండేది ఆ రంగంవాళ్లు ఎక్కువమంది ఒప్పుకున్నది, ఇంకా తేలనిది ఏదో కూడా చాలావరకు చెబుతుంది. పరీక్ష టెన్షన్ లేకుండా టెక్స్ట్‌బుక్ చదవడంలో ఎంత సుఖం ఉందో ఒకసారి చదివితే తెలుస్తుంది. పాత కూర్పులు తక్కువకు దొరుకుతాయి, మొదటి చదువుకు అవి చాలు.

మూడో మెట్టులో జంట పుస్తకాలు. ఒకటి ఒక మాట అంటే, రెండోది దాన్ని ఖండించేది. ఆర్థికశాస్త్రం, చరిత్ర, రాజనీతి వీటిలో ఒంటరి పుస్తకం ప్రమాదం. మార్కెట్లను సమర్థించే పుస్తకం ఒకటి జాబితాలో రాస్తే, పక్కనే వాటిని విమర్శించే పుస్తకం రాయండి. రెంటినీ రెండు నెలల లోపు చదవండి. ఎక్కువ ఎడం వస్తే మొదటిదాని వాదన మనసులో చల్లారిపోతుంది, తర్వాత చదివినదే నిజమనిపిస్తుంది. మతం విషయంలో కూడా ఇంతే. ఆ మూలగ్రంథాన్ని నమ్మేవారి వ్యాఖ్యానంతో ఒకసారి, బయటి నుంచి పరిశోధించినవారి పుస్తకంతో ఒకసారి చదవాలి. ఆ తర్వాతే నాలుగో మెట్టు, మూలగ్రంథాలు. ఈ సరికి ఆ రచయిత ఎవరితో మాట్లాడుతున్నాడో మీకు తెలిసి ఉంటుంది కాబట్టి, ఒకప్పుడు గోడలా అడ్డుపడ్డ పుస్తకమే తలుపులా తెరుచుకుంటుంది.

జాబితాలో పేరు ఎక్కించేముందు పుస్తకం ఎప్పటిదో చూడండి. ఒక్కో విషయంలో పుస్తకం ఒక్కో వేగంతో పాతబడుతుంది. మనిషి కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు రాశాయి. 46 అని తేలింది 1956లో. ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెజెనర్ 1912లో ప్రతిపాదిస్తే, భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కువమంది ఒప్పుకున్నది 1960లలో. అంతకు ముందు వచ్చిన భూగర్భశాస్త్రం పుస్తకం ఎంత అందంగా రాసినా పర్వతాలు ఎలా పుట్టాయో తప్పుగానే చెబుతుంది. కడుపులో పుండ్లు చాలావాటికి కారణం ఒక బ్యాక్టీరియా అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. పాత వైద్యం పుస్తకాలు ఆ నేరం టెన్షన్ మీద, కారం మీద వేశాయి. మనస్తత్వశాస్త్రంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం ప్రచురితమైన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే మొదటి ఫలితం మళ్లీ వచ్చింది. అంతకు ముందు వచ్చిన మనస్తత్వశాస్త్రం పాపులర్ పుస్తకాలు చదివేటప్పుడు, అందులో ఒక్కో ప్రయోగం ఇప్పటికీ నిలిచి ఉందో లేదో వెతికి చూసుకోండి.

గణితంలో ఈ బెడద లేదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రుజువు చేసినది ఇప్పటికీ రుజువే. తత్వశాస్త్రంలో, సాహిత్యంలో పాతదనం లోపం కానే కాదు. చరిత్రలో పరిస్థితి వేరు. నూరేళ్ల కిందటి చరిత్ర పుస్తకం జరిగిన సంగతుల గురించి ఎంత చెబుతుందో, రాసినవాళ్ల కాలం గురించి కూడా అంతే చెబుతుంది. కాబట్టి అదే అంశం మీద ఇటీవలి పుస్తకం ఒకటి చదివాక దాన్ని చదివితే రెట్టింపు లాభం.

గణితం మాట వచ్చింది కాబట్టి, చాలామంది జాబితాల్లో నాకు కనిపించే పెద్ద ఖాళీ అదే. మీరు ఇంకే సలహా పాటించకపోయినా స్టాటిస్టిక్స్, సంభావ్యతల మీద ఒక పుస్తకం మొదటి ఏడాదిలోనే పెట్టుకోండి. వైద్యం, ఆర్థికం, మనస్తత్వం, పర్యావరణం ఏది తీసినా కింద నిలబెట్టేది ఇదే. ఒక చిన్న లెక్క చూడండి. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష. మీకు జబ్బు ఉందని వచ్చింది. నిజంగా ఉండే అవకాశం ఎంత? 99 శాతం అని చప్పున అంటాం. వెయ్యిమందిని పరీక్షిస్తే జబ్బున్న ఒక్కరూ బయటపడతారు, జబ్బులేని 999 మందిలో సుమారు పదిమందికి కూడా ఉందని తప్పుగా వస్తుంది. పదకొండుమందిలో ఒకరు, అంటే దాదాపు 9 శాతం. ఈ ఒక్క విషయం తెలిసిన మనిషి పేపర్లో ఆరోగ్య వార్త చదివే తీరే మారిపోతుంది. గణితం పుస్తకం మాత్రం మంచం మీద పడుకొని చదవకండి. కలం, కాగితం పట్టుకొని రోజుకు రెండు పేజీలు చదివినా చాలు.

కళల పుస్తకాలకు ఒకటే మాట: వినకుండా సంగీతం గురించి, చూడకుండా చిత్రకళ గురించి చదవడం వృథా. జాబితాలో పుస్తకం పక్కనే వినాల్సినవి, చూడాల్సినవి కూడా రాసుకోండి.

మంచి పుస్తకం పేరు ఎలా దొరుకుతుంది అంటారా? పుస్తకం చివరి పేజీల్లో. చదివిన ప్రతి మంచి పుస్తకానికీ ఉపయుక్త గ్రంథసూచి ఉంటుంది, దాదాపు ఎవరూ చూడరు. ఒకే విషయం మీద మూడు పుస్తకాల గ్రంథసూచులు పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటిలోనూ కనబడే పేరు మీ జాబితాకు ఎక్కాల్సిందే. మూడుచోట్లా ఉంటూ, ఒక రచయిత దాన్ని తిట్టి ఉంటే ఇంకా మంచిది. రెండోది యూనివర్సిటీల సిలబస్‌లు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2001 నుంచి తన కోర్సుల పాఠాలు అందరికీ ఉచితంగా పెట్టే పని మొదలుపెట్టింది, చాలా కోర్సుల్లో ఏ వారం ఏం చదవాలో కూడా ఉంటుంది. తత్వశాస్త్రానికి స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఉంది, ప్రతి వ్యాసం చివరా చక్కటి గ్రంథసూచి ఇస్తారు, అదీ ఉచితమే. కాపీరైట్ తీరిన పాత పుస్తకాలకు 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, 1996లో వచ్చిన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. ఇవన్నీ ఉన్నా లైబ్రరీకి వెళ్లడం మానకండి. మీరు వెతికిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్న పది పుస్తకాలు తీసి తిరగేయండి. వెతకడం తెలియని ప్రశ్నలకు జవాబులు ఆ పక్క పుస్తకాల్లో దొరుకుతాయి.

ఇక చదివే వరుస. సోమవారం చరిత్ర, మంగళవారం భౌతికశాస్త్రం అని టైమ్‌టేబుల్ వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నిలవలేదు. ప్రతి రంగానికీ తనదైన పదజాలం ఉంటుంది, అది నోటికి అలవాటయ్యేలోపే వేరే రంగంలోకి దూకితే ప్రతిసారీ మొదటికే వస్తారు. ఒకే విషయం మీద వరుసగా చదివితే మొదటి పుస్తకానికి పట్టిన శ్రమలో సగం రెండోదానికి పట్టదు, మూడోదాంట్లో తెలిసిన అధ్యాయాలు గబగబా దాటేయొచ్చు. అందుకని మూడు నాలుగు నెలలు ఒక ప్రశ్నకు ఇవ్వండి. ఆ కాలంలో మీ చదువులో సగం దానికే. మిగతా సగం మీ ఇష్టం, నవలలు, కవిత్వం, పేరు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నవి ఏవైనా. ఈ సగాన్ని దయచేసి వదులుకోకండి. విషయ పరిజ్ఞానం కోసం నవలలు మానేసినవాళ్లు కొన్నాళ్లకు మొత్తం చదవడమే మానేయడం చూశాను.

ఈ విడి చదువులోంచే ఒక్కోసారి పెద్ద విషయం పుడుతుంది. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా నోట్‌బుక్‌లు పెట్టుకొని, చదవాల్సినవి వేరే, చదివినవి వేరే రాసుకునేవారు. 1838లో జనాభా గురించి మాల్థస్ రాసిన పుస్తకం చదివారు. కాలక్షేపానికి చదివానని తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. జీవజాతులు ఎలా మారతాయన్న ప్రశ్న అప్పటికే మనసులో తిరుగుతోంది. ఆహారానికి మించి సంతానం పెరిగితే పోటీ తప్పదన్న ఆ ఆర్థికవేత్త మాట దగ్గర ప్రకృతివరణం (పరిసరాలకు బాగా తగిన జీవులే ఎక్కువగా బతికి సంతానాన్ని మిగల్చడం) అన్న ఆలోచనకు దారి దొరికింది. మాల్థస్ పుస్తకం అప్పటికే ఎందరో చదివారు. ఆ ప్రశ్నతో చదివినవాళ్లు చాలా తక్కువ.

జాబితా ఎలా ఉంచుకోవాలో కూడా చెబుతాను. మూడు భాగాలు చేయండి. ఇప్పుడు చదువుతున్నవి, మూడుకు మించకూడదు. తర్వాత చదివేవి, పదికి మించకూడదు. మూడోది గోదాము, దానికి హద్దు లేదు. ఎవరు ఏ పేరు చెప్పినా గోదాములో వేయండి, పక్కన ఎవరు చెప్పారో, ఎందుకు రాసుకున్నారో ఒక్క ముక్క రాయండి. ఆరు నెలల తర్వాత పేరు చూస్తే ఎందుకు రాసుకున్నామో గుర్తుండదు, జాబితాలు చచ్చిపోయేది ఎక్కువగా ఇందుకే. పదిలోకి ఒకటి రావాలంటే ఒకటి పోవాలి. ఏడాదికోసారి గోదాము మొత్తం చదివి, ఇప్పుడు ఏ ఆసక్తీ కలిగించని వాటిని కొట్టేయండి. నేను ప్రతిసారీ మూడో వంతు దాకా కొట్టేస్తాను, అందుకు బాధపడను.

పుస్తకం ముగించాక అరపేజీ రాయండి. రచయిత ఏ ప్రశ్నకు జవాబు చెప్పాడు, ఏం చెప్పాడు, నేను ఏది నమ్మలేదు, ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి. ఈ నాలుగో మాటే జాబితాను ముందుకు లాగేది. అరపేజీ కూడా రాయలేకపోతే ఆ పుస్తకం మనసుకు ఎక్కలేదని అర్థం, మళ్లీ ఒకసారి ముఖ్యమైన అధ్యాయం తిరగేయండి.

మధ్యలో వదిలేయడం గురించి మీరు అడిగారు. అమెరికాలో పేరున్న గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్ ఒక సూత్రం చెబుతారు: యాభై పేజీలు చదివి చూడండి, నచ్చకపోతే వదిలేయండి, మీ వయసు యాభై దాటితే వందలోంచి వయసు తీసేస్తే వచ్చినన్ని పేజీలు చాలు. నవలల విషయంలో నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కష్టమైన విషయ గ్రంథాలకు మాత్రం ఇది సరిపోదు, అవి యాభై పేజీల దగ్గర అందరికీ కష్టంగానే ఉంటాయి. అక్కడ నేను వేసుకునే ప్రశ్న వేరు: నాకు విసుగ్గా ఉందా, అర్థం కావడం లేదా? విసుగైతే వదిలేయండి. అర్థం కాకపోతే ఒక మెట్టు కిందికి దిగి సులువైన పుస్తకం చదివి మళ్లీ రండి, పేరును గోదాములోకి పంపండి, కొట్టేయకండి. మీరు రెండుసార్లు వదిలేసిన లిస్టుల్లోనూ ఇలా మెట్టు తప్పి ఎదురైన పుస్తకాలే ఎక్కువ ఉండి ఉంటాయి. అది మీ బద్ధకం కాదు.

ఈ వారం చేయాల్సింది చాలా చిన్న పని. పది ప్రశ్నలు రాయండి, రెండు రోజులు పక్కన పెట్టండి, మళ్లీ చదివినప్పుడు ఏది వెంటనే తెలుసుకోవాలనిపిస్తే దాని కింద గీత గీయండి. దాని మీద పలచని పరిచయ పుస్తకం ఒకటి తెచ్చుకొని, చదవడం మొదలుపెట్టే ముందే చివరి పేజీలు తిప్పి గ్రంథసూచి చూడండి. మీ జాబితాలో మొదటి ఐదు పేర్లు అక్కడ ఉంటాయి.